సన్ కోరల్ విచ్చుకోకపోతే

బ్రదర్, బరంపురంలో మీ ఉప్పునీటి ట్యాంకులోని సన్ కోరల్ పగడం ముడుచుకునే ఉందని, లైటు పెంచినా లాభం లేదని రాశారు. లైటుతో దానికి పనిలేదు. దాని ఒంట్లో వెలుతురుతో ఆహారం తయారుచేసే ఆల్గే (నాచు) ఉండదు, నోటికి అందించాల్సిందే. రాత్రి లైట్లు ఆర్పాక, మైసిస్ అనే చిట్టి రొయ్యలు (గడ్డకట్టించి అమ్ముతారు) కరిగించిన నీళ్లు కొంచెం దాని దగ్గర వదలండి. వాసనకి మెల్లగా టెంటకిల్స్ (తిండి పట్టుకునే తీగలు) బయటికొస్తాయి, కంగారుపడొద్దు. అప్పుడు పంపు ఆపి, పిపెట్‌తో ఒక్కో పాలిప్‌కీ (పగడంలోని నోరున్న ఒక్కో చిన్న జీవికీ) మైసిస్ పెట్టండి. వారానికి రెండు మూడుసార్లు చాలు. మిగిలిన తిండి తీసేయకపోతే నీళ్లలో నైట్రేట్ అనే వ్యర్థం పెరుగుతుంది. పంపు మళ్లీ వేయడం మాత్రం మర్చిపోకండి! మన ఎండలకి ట్యాంకు మీద ఫ్యాను పెడితే మంచిది. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. అన్నట్టు, సన్ కోరల్ లాంటి రాతి పగడాలకి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కొన్న కాగితాలు ఉన్నాయా?