ఏ జబ్బుకైనా ‘ముందు బరువు తగ్గు’ అంటే ఎలా?

ప్రశ్న: నా వయసు 41. ఎత్తు 158 సెం.మీ., బరువు 104 కిలోలు. ఆరు నెలలుగా కుడి మోకాలి నొప్పి. ఏ డాక్టరూ కాలు ముట్టుకోకుండానే ‘బరువు తగ్గమ్మా’ అంటున్నారు. వరండాలో అందరి ముందూ బరువు చూసి అంకె పైకి చదువుతారు. మొన్న బీపీ 144/92 ఉందని మాత్ర రాశారు. ఆస్పత్రికి వెళ్లాలంటేనే మనసొప్పడం లేదు. ఏమని అడగాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మోకాలికీ బరువుకూ సంబంధం ఉన్న మాట నిజమే. కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అలాగని మోకాలు చూడకుండా పంపేస్తే అది వైద్యం కాదు. వాపు ఉందా, వేడిగా ఉందా, ఎక్కడ నొక్కితే నొప్పి అన్నవి చేత్తో చూస్తేనే తెలుస్తాయి. ఎక్స్‌రే నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి తీస్తే కీలు అరుగుదల సరిగా కనబడదు. ‘సన్నటి మనిషి ఇదే నొప్పితో వస్తే ఏం చూస్తారో నాకూ అవే చూడండి’ అని అడగండి, అందులో మర్యాద తక్కువేం లేదు. తొడ కండరాల వ్యాయామాలు నేర్పమనండి. వాటికి బరువు తగ్గేదాకా ఆగక్కర్లేదు.

ఇక బీపీ. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. కానీ భుజానికీ మోచేతికీ నడుమ దండ చుట్టుకొలత టేపుతో చూసుకోండి. 27–34 సెం.మీ. అయితే బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే మామూలు పట్టీ చాలు. 35–44 అయితే పెద్ద పట్టీ, అంతకు మించితే ఇంకా పెద్దది కావాలి. చిన్న పట్టీ లావు చేతికి బిగించి కడితే లోపలి రక్తనాళాన్ని నొక్కడానికి ఎక్కువ గాలి పట్టాలి, అందుకే అంకె పెరుగుతుంది. పెద్ద పట్టీ కావలసినవాళ్లకు మామూలుది కడితే పై అంకె 5 దాకా, ఇంకా పెద్దది కావలసినవాళ్లకు 20 దాకా ఎక్కువ చూపవచ్చు. చాలా క్లినిక్కుల్లో ఒకటే పట్టీ ఉంటుంది, అదీ అసలు చిక్కు. ఇంటికి మిషన్ కొంటే అదే కంపెనీ పెద్ద పట్టీ విడిగా అడిగి తీసుకోండి. ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, జాకెట్టు చెయ్యి మీద కాకుండా ఒంటికే కట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఒక వారం అంకెలు రాసి డాక్టరుకు చూపండి.

బరువు గదిలో చూడమనండి, పైకి చదవొద్దని చెప్పండి. కొన్ని మందుల మోతాదుకు బరువు తెలియాలి కనుక అసలే వద్దనకండి.

మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 41 దాటింది. మనవాళ్లకు 25 నుంచే స్థూలకాయంగా లెక్క. కనుక బరువుకు వైద్యం కూడా అడగండి, ‘తక్కువ తిను’ అన్న సలహాతో సరిపెట్టుకోకండి. ముందు మీరు వాడే మందుల చీటీలన్నీ చూపండి: స్టెరాయిడ్లు, ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, అమిట్రిప్టిలిన్, ఒలాంజపిన్ వంటివి బరువు పెంచుతాయి. గురక, పగటి నిద్ర ఉంటే చెప్పండి. షుగరు, థైరాయిడ్, కొవ్వు, లివరు పరీక్షలు చేస్తారు. మొదటి లక్ష్యం 5 శాతం, అంటే మీకు ఐదు కిలోలు. అంతమాత్రానికే బీపీ, షుగరు మెరుగుపడటం మొదలవుతుంది. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి అడిగితే, ఆపాక బరువు తిరిగి వస్తుందన్న సంగతీ నెలవారీ ఖర్చూ ముందే తేల్చుకోండి. మీ బీఎంఐకి బరువు తగ్గించే ఆపరేషన్ కూడా పరిశీలించదగ్గదే. ఏది ఎంచుకున్నా, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ రాయించుకోకుండా బయటికి రావద్దు.