మాస్టారి జవాబులు: పోపు వేస్తే సోనార్‌కి వినబడుతుందా?

ప్రశ్న: మాస్టారూ, మన జాతీయ గీతం ప్రపంచంలోకెల్లా గొప్పదని యునెస్కో ప్రకటించిందట. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఏటా ఆగస్టులో ఈ మెసేజ్ వస్తుంది. నిజమేనా? (సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కాదండీ. యునెస్కో జాతీయ గీతాలకు ర్యాంకులివ్వదు. వచ్చే ఆగస్టులోనూ వస్తుంది, సిద్ధంగా ఉండండి.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఏడో తరగతి. క్విజ్ పోటీకని నోట్సు రాసుకున్నాడు. బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ కనుగొన్నాడట. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అరకు లైన్లోని శిమిలిగుడట. జలాంతర్గామిలో పోపు వేయడం నిషేధమట, ఆవాలు చిటపటమంటే శత్రువు సోనార్‌కి, అంటే నీళ్లలో చప్పుళ్లు పట్టే యంత్రానికి, వినబడుతుందట! ఇవి నమ్మొచ్చా? (గాజువాక నుంచి ఒక అమ్మ)

జవాబు: అమ్మా, మూడోది చదవగానే నాకు ముచ్చెమటలు పోశాయి. దాని సంగతి చివర్లో చెబుతాను.

బొర్రా గుహల ముక్క నేనూ పదేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణే. ఒకరోజు వేరే పని మీద చదువుతుంటే భూగర్భ సర్వే సంస్థ పుట్టింది 1851లో అని కనబడింది. ఆఫీసే లేని రోజుల్లో ఉద్యోగి ఎక్కణ్ణుంచి వచ్చాడు? విలియం కింగ్ అనే ఆయన ఆ సంస్థలో నిజంగానే ఉన్నారు, అధిపతిగా కూడా చేశారు. కాకపోతే ఆ శతాబ్దం చివర్లో. ఏడాది, పేరు, ఆఫీసు మూడూ ఒకే వాక్యంలో ఉండేసరికి స్టాంపు వేసిన కాగితంలా కనబడి, ఒకదాన్ని ఇంకోదానితో సరిచూడాలని నాకే తట్టలేదు. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ వెళ్లి గుహలో శివలింగాన్ని చూసిన కాపరి కథ అక్కడివాళ్లు చెబుతారు. నాకు అదే నయమనిపిస్తుంది. అది కథేనని వినేవాడికి ముందే తెలుసు.

శిమిలిగుడది అబద్ధం అనలేను, గడువు తీరిన మందు. అది దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంది. 2008 నుంచి కాశ్మీర్ లోయలో బ్రాడ్‌గేజ్ రైళ్లు నడుస్తున్నాయి, అక్కడి స్టేషన్లు 1500 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్నాయి. మన క్విజ్ పుస్తకాలకు ఆ రైలు ఇంకా చేరినట్టు లేదు.

కావాలనే అబద్ధం నాటినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అనే ఆయన 1970ల్లో వేసిన విజ్ఞాన పుస్తకంలో, టీవీ డిటెక్టివ్ కొలంబో అసలు పేరు ఫిలిప్ అని ఒక బూటకం దూర్చాడు. తన పుస్తకాన్ని ఎవరైనా ఎత్తిరాస్తే పట్టుబడతారని. అనుకున్నట్టే ట్రివియల్ పర్స్యూట్ ఆటలో ఫిలిప్ ప్రత్యక్షమయ్యాడు. 1984లో వర్త్ కేసు వేశాడు గానీ ఓడిపోయాడు.

ఆయన వేసింది దొంగల్ని పట్టడానికి. నేను వేసింది గొప్పకి.

2003 వేసవి. మా బావమరిది కుటుంబం రాజమండ్రి నుంచి వస్తే, బీచ్ రోడ్డులో అంతకు ముందు ఏడాదే మ్యూజియంగా తెరిచిన కుర్సురా జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్లాను. 1969లో నౌకాదళంలో చేరిందని, 91 మీటర్ల పొడవని, నీటి అడుగున బ్యాటరీల మీద నడుస్తుందని, చప్పుడైతే శత్రువుకి దొరికిపోతుందని చెప్పుకొచ్చాను. అన్నీ నిజాలే. ఇంతలో మా మేనకోడలు అగ్గిపెట్టెంత వంటగది చూసి, "మామయ్యా, ఇందులో పోపు వేస్తే చప్పుడు కాదా?" అంది. నాకు తెలీదు. ఆ ముక్క అనడానికి మాస్టారి నోరు రాలేదు. "అందుకే నిషేధం" అనేశాను. అందరూ తలలూపారు. బయటికొచ్చి మురీ మిక్చర్ తింటూ మా బావమరిది కూడా మెచ్చుకున్నాడు.

కొన్నేళ్లకి అనకాపల్లిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర పక్క బంతిలో ఎవరో అదే చెబుతున్నారు. అప్పటికి దానికి తేదీ కూడా మొలిచింది, 1971 యుద్ధం అయ్యాక ఉత్తర్వు ఇచ్చారట! నేను తల వంచుకుని పప్పుచారు కలుపుకున్నాను.

మీ అబ్బాయిని మూడో పాయింటు కొట్టేయమనండి. వాళ్ల టీచర్ ఒప్పుకోకపోతే ఈ పేజీ చూపించండి. అదీ చాలకపోతే నేనే వచ్చి చెబుతాను, గాజువాక ఎంత దూరమని.