రోమా 16లో పేర్లు తప్ప ఏమీ దొరకడం లేదన్నవారికి

మీరు కథ కోసం వెతుకుతున్నారు, అందుకే ఆగిపోయారు. స్త్రీల కూటంలో పది నిమిషాల వాక్యానికి ‘ఎవరూ పట్టించుకోని విశ్వాసులు’ అనే అంశం తీసుకుని బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలోని (ఉత్తరంలోని) ఈ చివరి అధ్యాయం తెరిస్తే వరుసగా వందనాలే కనిపిస్తాయి. చూడాల్సింది పేరు పక్కనున్న మాట.

1. పెన్సిల్‌తో ఆ మాటల కింద గీత గీయండి. మరియ (6), పెర్సిసు (12): ఇద్దరూ చాలా ప్రయాసపడ్డారట. ఏం పని చేశారో పౌలు చెప్పలేదు, మీరూ కల్పించొద్దు.

2. అందరూ దాటేసేది 22, 23 వచనాలు. ముగింపు కదా అని పేజీ తిప్పేస్తాం. అక్కడే ఆగండి.
పత్రిక పౌలుది, ఆయన చెబుతుంటే చేత్తో రాసింది తెర్తియు. పదహారు అధ్యాయాలు రాసి ఒక్కచోటే ‘నేను’ అన్నాడు. లాటిన్‌లో ఆ పేరుకు అర్థం ‘మూడోవాడు’.
తర్వాతి వచనంలో ఎరస్తు, పట్టణపు ఖజానాదారుడు. ఆయన పక్కనే క్వర్తు, అంటే ‘నాలుగోవాడు’. ఇలాంటి పేర్లు బానిసలకూ ఉండేవి. అలాగని వీళ్ళు బానిసలేనని ఖాయంగా చెప్పకండి.
ఎరస్తుకు హోదా ఉంది. క్వర్తుకు ‘సహోదరుడు’ అన్న ఒక్క మాటే. ఇద్దరూ ఒకే వచనంలో ఉన్నారు.

3. వెంటనే, దేవుడు లోకంలో బలహీనులను, ఎన్నికలేనివారిని ఏర్పరచుకున్నాడని చెప్పే 1 కొరింథీ 1:26-28 ఎవరిచేతనైనా చదివించండి. వివరణ అక్కర్లేదు.

విధవరాలు కానుకగా వేసిన రెండు కాసుల కథ ఈసారికి వదిలేయండి, మీ కూటంలో అది విననివారు ఉండరు. సమయం మిగిలితే 13వ వచనంలో రూఫు తల్లిని తీసుకోండి. తనకూ తల్లేనన్నాడు పౌలు, పేరు మాత్రం రాయలేదు.