సైన్స్ ఫిక్షన్ రాస్తానంటోంది... ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఏడాదిగా లాంగ్ నోట్‌బుక్ నిండా సైన్స్ ఫిక్షన్ కథలు రాస్తోంది. ఇంజినీరింగ్ వద్దు, రచయిత్రినే అవుతానంటోంది. కథలు కూడు పెడతాయా? రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని భయంగా ఉంది. తన కథ ఒకటి పంపుతున్నాను, చూడండి.
– ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: ముందు కథ సంగతి చెబుతాను, రెండుసార్లు చదివాను కాబట్టి. అంగారకుడి మీద ఉద్యోగం చేస్తున్న అమ్మమ్మకి మనవడు ఫోన్ చేసి ‘అన్నం తిన్నావా?’ అంటాడు. ఆవిడ వెంటనే ‘తిన్నా నాన్నా’ అంటుంది. నేను అక్కడే ఆగిపోయాను. ఆ మాట కాంతి వేగంతో వెళ్లినా, రెండు గ్రహాలూ బాగా దగ్గరికి వచ్చినప్పుడు సుమారు 3 నిమిషాలు, బాగా దూరమైనప్పుడు 22 నిమిషాలు పడుతుంది. జవాబు రావడానికి మళ్లీ అంతసేపు. అంటే ఆ పిల్లాడు ఒక్కోసారి ముప్పావుగంట కూర్చోవాలి. ఈలోగా నిద్రపోతాడు. వాళ్లమ్మ దుప్పటి కప్పి, ఫోన్ తీసి పక్కన పెడుతుంది. అప్పుడొస్తుంది అమ్మమ్మ గొంతు. మీ అమ్మాయి రాయాల్సిన కథ అదీ. అది ఆమెకు దొరికేది ఫిజిక్స్ పుస్తకంలోనే.

అందుకే నా సలహా: సైన్స్ వదలనివ్వకండి, రాయడమూ మాన్పించకండి.

జయంత్ నార్లీకర్ గురించి అమ్మాయికి చెప్పండి. కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హోయల్ దగ్గర చదివిన ఖగోళ శాస్త్రవేత్త. ఆ గురువు కూడా సైన్స్ నవలలు రాసినవాడే. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ కథల పోటీ పెడితే నార్లీకర్ ‘కృష్ణ వివర్’ అనే కథ పంపారు. అంటే కృష్ణబిలం. అప్పటికే పద్మభూషణ్ అందుకున్న మనిషి. పేరు చూసి బహుమతి ఇచ్చారనిపించుకోవడం ఇష్టం లేక, తన ఇనీషియల్స్ (జె.వి.ఎన్.) తిరగేసి నారాయణ్ వినాయక్ జగతాప్ అని పెట్టుకున్నారు. మొదటి బహుమతి వచ్చింది! కథలోని సైన్స్ నిక్కచ్చిగా ఉండాలన్నది ఆయన పట్టుదల. ఇంగ్లిష్‌లో రాయగలిగీ ఆ కథలు ముందు మరాఠీలో రాశారు. పుణేలో అయూకా అనే ఖగోళ పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టరుగా ఉంటూనే రాశారు. 2025లో పోయేదాకా ఆయన్ని మహారాష్ట్ర శాస్త్రవేత్తగానూ, రచయితగానూ తనవాడనే అనుకుంది. మన తెలుగులో అలా రాసేవాళ్లు ఇంకా ఎంతోమంది కావాలి. మీ అమ్మాయి నోట్‌బుక్ చూసి నాకు సంతోషం కలిగింది అందుకే.

ఇక కూడు సంగతి. తెలుగు పత్రికల్లో కథలకిచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు. ఈ మాట అమ్మాయికి ఇప్పుడే, కోప్పడకుండా చెప్పండి. చైనా రచయిత ల్యూ సిషిన్ షాన్‌సీలోని ఒక విద్యుత్ కేంద్రంలో కంప్యూటర్ ఇంజినీరుగా జీతం తీసుకుంటూనే నవలలు రాశారు, 2015లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు అందుకున్నారు. జీతం వచ్చే పని ఉంటే, నచ్చని కథ డబ్బు కోసం రాయాల్సిన అవసరం రాదు.

ఇంజినీరింగ్ నిజంగానే ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. దానికి ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఆ పేపర్లో 60 ప్రశ్నలుంటే 15 బయాలజీవి. ఎంపీసీ పిల్లలు దెబ్బతినేది అక్కడే. కాబట్టి ఇప్పటినుంచే బయాలజీ పుస్తకం కొనిపెట్టండి, రోజుకో గంట చాలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, మంచి కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ అయినా పరవాలేదు. తర్వాత పరిశోధన, లెక్చరర్ ఉద్యోగం, టెక్నికల్ రైటింగ్... దారులు చాలా ఉన్నాయి.

పరీక్షలయ్యేదాకా నోట్‌బుక్ దాచేయాలని మీకు అనిపించవచ్చు. దయచేసి అలా చేయకండి. ఆదివారం పొద్దున రెండు గంటలు ఆమెకు వదిలేయండి. అమ్మమ్మ కథ తిరగరాశాక మళ్లీ పంపమనండి, నేను తప్పకుండా చదువుతాను.