సాలిడ్ ఇంక్ ప్రింటర్‌కు కంపాటిబుల్ ఇంక్ వాడవచ్చా?

మీరు సెకండ్ హ్యాండ్‌లో జెరాక్స్ కలర్‌క్యూబ్ 8570 తీసుకున్నట్టు, ఒరిజినల్ ఇంక్ ధర చూసి వెనకాడుతున్నట్టు రాశారు. కంపాటిబుల్ ఇంక్, అంటే ఈ ప్రింటర్ కోసం జెరాక్స్ కాక వేరే కంపెనీలు చేసే ఇంక్ వాడితే హెడ్ (ఇంక్‌ను చిమ్మే భాగం) పాడవుతుందా అన్నది మీ ప్రశ్న. మా ఆఫీసులో మొదట జెరాక్స్‌దే పాత మోడల్ ఫేజర్ 8560, తర్వాత 8570 చూసుకునే బాధ్యత చాలాకాలం నాదే కాబట్టి, ఆ అనుభవంతో చెబుతున్నాను. కంపాటిబుల్ ఇంక్ వాడవచ్చు, అయితే ఏది దొరికితే అది కాదు. పైగా ఇంక్ ధర గురించి ఆలోచించే ముందు, ప్రింటర్‌ను మీరు ఎంత తరచుగా ఆపి మళ్లీ ఆన్ చేస్తున్నారో చూసుకోండి. ఖర్చు అక్కడే ఎక్కువగా పెరుగుతుంది.

ఈ ప్రింటర్లలో మైనంలా గట్టిగా ఉండే ఇంక్ స్టిక్ నూరు డిగ్రీలకు పైబడిన వేడికి కరిగి హెడ్‌లోకి చేరుతుంది. అక్కడి నుంచి, సిలికాన్ నూనె పలుచగా పూసిన డ్రమ్ మీద బొమ్మగా పడి, ఆ పైన కాగితానికి ఎక్కుతుంది. పవర్ పూర్తిగా తీసేస్తే హెడ్‌లోని ఇంక్ గడ్డకట్టి కుంచించుకుపోతుంది, ఆ ఖాళీల్లో గాలి చేరుతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు ఆ గాలిని బయటకు నెట్టడానికి యంత్రం నాలుగు రంగుల ఇంక్‌నూ కొంత వేస్ట్ ట్రేలోకి వదిలేస్తుంది. ఒకసారి ఆ ట్రే లాగి చూడండి: రంగులన్నీ కలిసిపోయి నల్లటి అచ్చులా పేరుకుని ఉంటుంది, అదంతా డబ్బు పెట్టి కొన్న ఇంకే. రంగులు కలిసిపోయి, కాగితపు దుమ్ము కూడా చేరి ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ వాడే ఆలోచన పెట్టుకోవద్దు. రాత్రిపూట స్విచ్ ఆపకుండా పవర్ సేవర్‌లో వదిలేయడమే మేలు; అందుకయ్యే కరెంటు ఖర్చు వృథా అయ్యే ఇంక్ ధర కంటే తక్కువేనని నా అభిప్రాయం.

ఇక ఇంక్ విషయానికి వస్తే, నా మొదటి ఎంపిక కంపాటిబుల్ కాదు, మిగిలిపోయిన ఒరిజినల్ పెట్టెలు. ఈ రకం ప్రింటర్ల తయారీ ఆగిపోయింది కాబట్టి, యంత్రాన్ని తీసేసిన ఆఫీసులు తమ దగ్గర మిగిలిన ఇంక్‌ను తక్కువకే వదిలించుకుంటుంటాయి. ద్రవపు ఇంక్‌లా ఇది ఎండిపోదు. ఎండకూ వేడికీ పెట్టకుండా ఉంచిన సీలు పెట్టె పాతదైనా బాగా పనిచేస్తుంది. స్టిక్‌ల అంచులు విరగకుండా ఉన్నాయో లేదో, పెట్టె మీది పార్ట్ నంబరు మీ మోడల్‌దేనో కాదో తప్పనిసరిగా సరిచూసుకోండి. 8570, అదే కలర్‌క్యూబ్ వరుసలోని 8870 చూడటానికి ఒకేలా ఉన్నా వాటి స్టిక్‌ల ఆకారం వేరు. 8870 యంత్రం ధర ఎక్కువ, దాని ఇంక్ పేజీ లెక్కన చౌక. అందుకే దాని స్టిక్‌ను చెక్కి 8570లో పట్టించాలని కొందరు చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రాలిన ముక్కలు స్టిక్ జారే దారిలో ఇరుక్కుంటే తీయడం చాలా కష్టం.

కంపాటిబుల్‌లో అసలు తేడా కరిగే ఉష్ణోగ్రతలోనూ చిక్కదనంలోనూ వస్తుంది. ఒక సరఫరాదారు పంపిన సియాన్ (నీలి రంగు) స్టిక్ వేసిన కొన్నాళ్లకే మా నీలి రంగు బొమ్మల్లో సన్నటి తెల్లచారలు మొదలయ్యాయి. లైట్ స్ట్రైప్స్ టెస్ట్ పేజీ తీస్తే, ఏ నంబరు నాజిల్ (హెడ్‌లో ఇంక్ చిమ్మే సన్నటి రంధ్రం) మూసుకుపోయిందో అందులో తెలుస్తుంది. క్లీనింగ్ నడిపిన ప్రతిసారీ మళ్లీ ఇంకే ఖర్చవుతుంది కాబట్టి, తెరుచుకోని నాజిల్‌కు బదులు పక్క నాజిల్ పనిచేసేలా జెట్ సబ్‌స్టిట్యూషన్ మోడ్ పెట్టి పని గడిపాము. మరో తయారీదారు ఇంక్‌తో అలాంటి ఇబ్బంది ఏదీ రాలేదు. కరిగిన ఇంక్‌ను వెనక్కి తీయలేము కాబట్టి, కొత్త తయారీదారుదైతే ముందుగా ఒక్క రంగు మాత్రమే కొని, ఆ స్టిక్ పూర్తయ్యేదాకా గమనించి, ఆ తర్వాతే మిగతా రంగులు కొనండి. నేనైతే నలుపుతో మొదలుపెడతాను. అది త్వరగా ఖర్చవుతుంది, అక్షరాల్లో లోపం ఉంటే వెంటనే కనిపిస్తుంది. పసుపులో చారలు కంటికి ఆనవు.

ధరలు పోల్చేటప్పుడు స్టిక్‌ల సంఖ్యను కాకుండా పేజీలను లెక్కించండి. 8570కి రెండు కలర్ స్టిక్‌ల పెట్టె సుమారు 4,400 పేజీలకని, 8560కి మూడు స్టిక్‌ల పెట్టె సుమారు 3,400 పేజీలకని కంపెనీ లెక్క. పేజీ నిండా ఫొటోలు వేస్తే ఆ లెక్క నిలవదు. డ్రమ్‌కు నూనె పూసే మెయింటెనెన్స్ కిట్‌ను కూడా ఖర్చులో కలపండి, చాలామంది దాన్ని మరచిపోతారు.

యంత్రం ఇంకా అమ్మినవారి దగ్గరే ఉంటే, పూర్తిగా చల్లబడేదాకా కదపనివ్వకండి. వేడిగా ఉండగా వంచితే కరిగిన ఇంక్ లోపల ఒలికి గడ్డకడుతుంది. రోజూ రంగు పేజీలు తీసే పని మీకు ఉంటే ఈ ప్రింటర్ బాగా ఉపయోగపడుతుంది. వారానికి నాలుగైదు పేజీలే అయితే, ఎంత చౌక ఇంక్ దొరికినా వేస్ట్ ట్రేలోకే ఎక్కువగా పోతుంది కాబట్టి, దీన్ని అమ్మేసి చిన్న లేజర్ ప్రింటర్ తీసుకోమనే చెబుతాను.