జమ్మి కడుపులో నిప్పు

సందేహం: దసరానాడు మా ఊళ్లో జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి ‘బంగారం’ అంటాం. రాయచూరు వైపు నుంచి వచ్చిన మా అమ్మమ్మ దాన్ని ‘బన్ని’ అంటుంది. ఈసారి ఫ్లెక్సీ మీద ‘శమీవృక్షం చెట్టు పూజ’ అని వేశారు. ఏది సరైన మాట?
– ఒక పాఠకురాలు, మక్తల్

సమాధానం: వృక్షం అన్నాక మళ్లీ చెట్టెందుకమ్మా? జమ్మిచెట్టు అంటే పూజకు మైల అంటుతుందని ఎవరు చెప్పారో!

జమ్మి శమికి వికృతి అంటారు. కాదనను గానీ, ఆ జకారం నన్ను కుదురుగా ఉండనివ్వదు. శయ్య సెజ్జ అయింది, శుంఠి సొంఠి అయింది, శంఖం సంకు అయింది. శమి మాత్రం సమ్మి కాకుండా జమ్మి ఎందుకైనట్టు?

అసలు రుచి మీ అమ్మమ్మగారి మాటలో ఉంది. మన వేరు కన్నడిగులకు బేరు, వెల బెలె. ఆ లెక్కన బన్ని తమిళుల వన్నికి తోబుట్టువు. తమిళంలో వన్ని అంటే ఈ చెట్టూ, నిప్పూ. నిప్పు అనే అర్థం సంస్కృత వహ్ని నుంచి వచ్చింది. చెట్టు పేరూ అందులోంచే పుట్టిందని తీర్పు చెప్పను. మనసు మాత్రం అటే లాగుతుంది. ఎందుకంటే యజ్ఞాగ్నిని మథించే అరణి కొయ్యను జమ్మి మీద మొలిచిన రావి నుంచి చేసేవారు. శాకుంతలం నాలుగో అంకంలో అగ్నిగృహంలో అడుగుపెట్టిన కణ్వుడికి అశరీరవాణి గర్భవతి అయిన శకుంతల గురించి చెబుతుంది: ‘అగ్నిగర్భాం శమీమివ’. లోపల నిప్పు దాచుకున్న జమ్మిలా ఉందట మీ పిల్ల! రఘువంశంలో గర్భవతి అయిన రఘువు తల్లి సుదక్షిణకూ కాళిదాసు ఈ జమ్మినే తెచ్చాడు. శమ్ ధాతువుకేమో చల్లారడం అని అర్థం. పేరులో చల్లదనం, కడుపులో నిప్పు. ‘శమీ శమయతే పాపం’ అని చీటీ రాసి కొమ్మకు కట్టేటప్పుడు ఒకసారి తలుచుకోండి.

బంగారమంటారా, రఘువంశం ఐదో సర్గలో గురుదక్షిణకు ధనం కోరి రఘువు దగ్గరికి వచ్చిన కౌత్సుడి కోసం కుబేరుడు కురిపించినది రఘువు కోశాగారంలో పడింది. జనం కథలో జమ్మి మీద పడింది. గోరంత కూడా లేని ఆ ఆకును చూసి బంగారమన్న జనం కాళిదాసుకు తీసిపోరు.

శ్లోకంలో శమి, ఊళ్లో జమ్మి, అమ్మమ్మ దగ్గర బన్ని అనండి. అచ్చులో నేనైతే జమ్మి అనే రాస్తాను. శమీధాన్యమంటే జమ్మి గింజలు కావు, పప్పుదినుసులు. చెరువులో మొలిచే జమ్ము వేరు. ఫ్లెక్సీ రాసినవారికి ఆ సంగతి కూడా చెప్పి ఉంచండి.