ఫీజు మిగిలిందని ప్లాటు కొంటారా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో ఉంటాం. నాకు 47 ఏళ్లు. ఐటీ ఉద్యోగం, జీతం ఏడాదికి లక్షా 60 వేల డాలర్లు. నా భార్య ఉద్యోగం చేయడం లేదు. అందరికీ గ్రీన్ కార్డులున్నాయి. మా అమ్మాయి పొలిటికల్ సైన్స్, ఆ తర్వాత లా చదువుతానంటోంది. మొదటి రెండేళ్లు ఫోల్సమ్ లేక్ కాలేజీలో (తక్కువ ఫీజుతో మొదటి రెండేళ్లు చదివించే కమ్యూనిటీ కాలేజీ) చదివి యూసీఎల్‌ఏకో, బర్కిలీకో ట్రాన్స్‌ఫర్ అవుతుందట. బాబు ఎనిమిదో తరగతి. రెండేళ్లపాటు ఫీజు దాదాపు లేనట్టే కాబట్టి ఈలోపు 401(కె) రిటైర్మెంట్ ఖాతా నుంచి 40 వేల డాలర్ల లోను, ఇంటి తనఖా మీద బ్యాంకు ఇచ్చే హెలాక్ అప్పు 60 వేలు తీసుకుని షాద్‌నగర్ దగ్గర ఒక ప్రీ-లాంచ్ వెంచర్‌లో ప్లాటు కొందామనుకుంటున్నాం. రెండేళ్లకు దాన్ని అమ్మి యూనివర్సిటీ ఖర్చు పెట్టుకుంటాం. ఇప్పటికే 2 లక్షల రూపాయలు టోకెన్ ఇచ్చాం. ఇంటి వాయిదా 3,100తో కలిపి నెల ఖర్చు 7 వేలు. చదువు కోసం నెలకు 1,800 పక్కన పెట్టగలం. చదువుల పొదుపు ఖాతా అయిన 529 ప్లాన్‌లో 24 వేలు, బ్యాంకులో 9 వేలు ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ లైఫ్ ఇన్సూరెన్స్ ఉంది. ఒక మాట: అమ్మాయి కమ్యూనిటీ కాలేజీ అంటే మావాళ్లు అదోలా చూస్తున్నారు. మా ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదండీ. మీరు రాసినవాటిలో నాకు నచ్చింది ఒక్కటే, మీ అమ్మాయి తీసుకున్న నిర్ణయం. ఇంట్లో డబ్బు లెక్క తెలిసిన మనిషి ఆమేనేమో అనిపించింది.

మీ ఒక్కరి కోసమైతే ఇంత వివరంగా రాసేవాణ్ని కాదు. పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో చేరగానే తల్లిదండ్రులకు చేతిలో ఏదో డబ్బు ఊడిపడ్డట్టు అనిపిస్తుంది. కోర్సులను కొలిచే యూనిట్‌కు 46 డాలర్ల చొప్పున 60 యూనిట్లకు 2,760. రెండేళ్లకూ కలిపి అంతే. కాలిఫోర్నియాలో స్థానికులకు 2012 నుంచీ ఇదే ధర. అది చూసి కారు మారుస్తారు, వంటిల్లు పగలగొట్టి కొత్తది కట్టిస్తారు, లేదంటే మీలా ప్లాటు కొంటారు. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. మూడో ఏడాది గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది. యూసీలో, అంటే యూసీఎల్‌ఏ, బర్కిలీ ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో, ట్యూషనే ఏడాదికి 15 వేల దరిదాపు. క్యాంపస్‌లో ఉండటం, తిండి కలిపితే 40 వేలు దాటుతుంది.

సరే, ప్లాటు సంగతి తర్వాత చూద్దాం. ముందు నన్ను భయపెట్టిన అంకె, మీ బ్యాంకులో ఉన్న 9 వేలు. నెలకు 7 వేలు ఖర్చయ్యే ఇంటికి అది అయిదారు వారాల తిండి. ఒక్క జీతం మీద నలుగురు బతుకుతున్నారు. అదీ ఐటీ జీతం. లేఆఫ్ మెయిల్ ఎలా వస్తుందో మీ ఆఫీసులోనే చూసి ఉంటారు. కాలిఫోర్నియాలో నిరుద్యోగ భృతి ఎంత జీతం ఉన్నవారికైనా వారానికి 450 డాలర్లకు మించదు. మామూలుగా 26 వారాలు ఇస్తారు. నెలకు 2 వేలు కూడా కాదు. మీ ఇంటి వాయిదాకే చాలదు. ఉద్యోగం పోయాక కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌ను కొన్నాళ్లు ఉంచుకోనిచ్చే కోబ్రా చట్టం కింద కొనసాగించాలంటే, ఇప్పటిదాకా కంపెనీ కడుతున్న వాటాతో సహా ప్రీమియం మొత్తం మీరే కట్టాలి.

ఆ పరిస్థితిలో 401(కె) లోను ఏమవుతుంది? ఉద్యోగంలో ఉన్నంతకాలం జీతంలోంచి మెల్లగా తీరుతుంటుంది కాబట్టి ‘మన డబ్బు మనమే వాడుకున్నాం’ అని అందరూ ధైర్యంగా తీసుకుంటారు. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లు మిగిలిన బాకీ ఒకేసారి కట్టమంటాయి. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు సర్దలేకపోతే ఆ సొమ్ము మీ ఆదాయంలో కలుస్తుంది. పన్ను కాక, మీ వయసుకు ఫెడరల్ పెనాల్టీ 10 శాతం, కాలిఫోర్నియాది మరో 2.5 శాతం. జీతం ఆగిన ఏడాదే ఇదంతా మీద పడుతుంది. హెలాక్ వడ్డీ రేటు మారుతూ ఉంటుంది, తనఖా మీరుంటున్న ఇల్లు. షాద్‌నగర్‌లో ప్లాటు కోసం ఫోల్సమ్‌లో పిల్లలు పడుకునే ఇంటిని తాకట్టు పెడతారా? మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, ఏమీ అనుకోకండి.

కాబట్టి ఎమర్జెన్సీ ఫండ్ ముందు, మిగతావన్నీ తర్వాత. ఆరు నెలలకు 42 వేలు. ఎలా వస్తుందంటే, మీరు పక్కన పెట్టగలిగే 1,800లో ఈ రెండేళ్లూ ఫీజుకు, పుస్తకాలకు, పెట్రోలుకు నెలకు 300 వేసుకున్నా 1,500 మిగులుతుంది. 22 నెలల్లో 33 వేలు. ఇప్పుడున్న 9 వేలతో కలిపి సరిగ్గా 42 వేలు. అంటే అమ్మాయి ట్రాన్స్‌ఫర్ అయ్యేనాటికి ఫండ్ నిండుతుంది. కమ్యూనిటీ కాలేజీ మీ ఇంటికి చేసిన అసలు మేలు ఇదే, మీరేమో దాన్ని వెంచర్ వాడి చేతిలో పెడతానంటున్నారు. ఆ డబ్బు వేరే బ్యాంకులో, హై ఈల్డ్ సేవింగ్స్‌లో ఉంచండి. స్టాకుల్లో పెట్టొద్దు. హెలాక్ ఉంది కదా, అదే మా ఎమర్జెన్సీ ఫండ్ అని కొందరు నాతో వాదిస్తారు. ఇంటి ధరలు పడ్డప్పుడు, ఉద్యోగాలు పోయినప్పుడు బ్యాంకు ఆ లైన్‌ను స్తంభింపజేయగలదు. వానొచ్చినప్పుడు లాక్కునే గొడుగు అది.

రెండోది టర్మ్ పాలసీ. కంపెనీ గ్రూప్ పాలసీ మామూలుగా ఒకటి రెండేళ్ల జీతానికి ఉంటుంది, సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది. ఆ మొత్తంతో మీ భార్య ఇంటి అప్పు తీర్చాలా, ఇద్దరి చదువులు చూడాలా? మీకు సొంతంగా 20 ఏళ్ల టర్మ్, మిలియన్ డాలర్లకు తగ్గకుండా, ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. 47లో వచ్చే రేటు 50లో రాదు. ఈలోపు షుగరో, బీపీయో బయటపడితే ఇంకా పెరుగుతుంది. పాలసీలమ్మే మిత్రులు వచ్చి, బీమాకు పొదుపు కలిపిన హోల్ లైఫ్, ఐయూఎల్ అంటూ ఫైళ్లు తెరుస్తారు, కాఫీ ఇచ్చి పంపించండి. ఇంట్లో ఉన్న మనిషి పని కూడా పనే కాబట్టి మీ భార్య పేరున కూడా చిన్న పాలసీ ఉండాలి. ఆఫీసులో దీర్ఘకాల డిసెబిలిటీ కవర్ ఉందేమో చూడండి.

ఇక ప్లాటు. స్థిరాస్తి అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌ను రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. ‘ప్రీ-లాంచ్’ అంటే చాలాసార్లు ఆ రిజిస్ట్రేషన్ లేదనే అర్థం. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆ వెంచర్ నంబర్ వెతకండి. దొరక్కపోతే టోకెన్ వెనక్కి అడగండి. ఇవ్వకపోతే 2 లక్షలతో బయటపడ్డాం అనుకోండి. దొరికినా మీ పనికి అది పనికిరాదు. 24 నెలలు నిండకుండా అమ్మితే లాభంపై స్వల్పకాలిక పన్ను పడుతుంది. మీరు ఎన్నారై కాబట్టి తక్కువ పన్ను కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే కొన్నవారు భారీగా టీడీఎస్ పట్టుకుంటారు, రీఫండ్ వచ్చేదాకా ఎదురుచూడాలి. ఆగస్టులో ఫీజు కట్టాలంటే యూనివర్సిటీ మీ రీఫండ్ కోసం ఆగదు. అసలు ఆ టైముకు కొనేవాడు దొరకాలి కదా.

యూనివర్సిటీకి డబ్బు ఎక్కడిదంటారా? లెక్క వేశాను. 529లో 24 వేలు. ఫండ్ నిండాక చివరి రెండేళ్లూ నెలకు 1,800 చొప్పున 43,200. మొత్తం 67 వేల పైచిలుకు. అమ్మాయి యూసీ డేవిస్‌కు ఇంటి నుంచి కారులో వెళ్లివస్తే ఇది ధారాళంగా సరిపోతుంది, ఇంకా మిగులుతుంది. లాస్ ఏంజెలెస్‌లో ఉంటానంటే రెండేళ్లకు 80 వేలు దాటుతుంది. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆమె పేరున ఫెడరల్ స్టూడెంట్ లోను ఏడాదికి 7,500 వరకు వస్తుంది. దాంతో అదీ అందుబాటులోకి వస్తుంది. మీకు సాయం రాదనుకున్నా ఫాఫ్సా (ఫెడరల్ విద్యా సాయం దరఖాస్తు) నింపండి, ఆ లోనుకు అదే దారి. తల్లిదండ్రుల పేరున ఇచ్చే పేరెంట్ ప్లస్ లోను జోలికి మాత్రం వెళ్లొద్దు. శాక్రమెంటో స్టేట్ యూనివర్సిటీ ఇంకా చవక.

ఒక జాగ్రత్త. యూసీఎల్‌ఏ, బర్కిలీలకు ముందస్తు ట్రాన్స్‌ఫర్ హామీ ఇచ్చే టాగ్ లేదు. డేవిస్‌తో కలిపి ఆరు క్యాంపస్‌లకే ఉంది, అందులోనూ ఒక్కదానికే పెట్టుకోవాలి. దాని గడువు చేరబోయే ముందు ఏడాది సెప్టెంబరు నెల. పొలిటికల్ సైన్స్‌కు ఒక్కో క్యాంపస్ ముందుగా ఒక్కో రకం కోర్సులు అడుగుతుంది, కొన్నిచోట్ల స్టాటిస్టిక్స్ కూడా. ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో చెల్లుతుందో చూపే అసిస్ట్ వెబ్‌సైట్‌లో మొదటి సెమిస్టర్‌లోనే చూసుకోమనండి. ఒక కోర్సు తప్పి ఇంకో ఏడాది ఆలస్యమైతే పోయేది 46 డాలర్లు కాదు, ఒక ఏడాది జీతం. లా గురించి ఇప్పుడే బెంగ వద్దు. కానీ 2026 జులై నుంచి కొత్తవారికి డిగ్రీ తర్వాతి చదువులకిచ్చే గ్రాడ్ ప్లస్ లోన్లు లేవు, వృత్తి కోర్సులకు ఫెడరల్ లోను ఏడాదికి 50 వేలకే పరిమితం. ఆనాడు మీ 401(కె) చెక్కుచెదరకుండా ఉండటమే ఆ పిల్లకు మీరు చేసే సాయం.

మీ చుట్టాల చూపు గురించి రాశారు. వీకెండ్ పార్టీల్లో అమ్మాయి కాలేజీ పేరు చెప్పడానికి మొహమాటపడి, ఆ లోటు ప్లాటు కబురుతో పూడుద్దామనుకుంటున్నారేమోనని నాకు అనుమానం. తప్పైతే క్షమించండి. రెండేళ్ల తర్వాత ఆమె చేతికొచ్చే డిగ్రీ మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది.

హెలాక్ కాగితాల మీద సంతకం పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టకపోతే ఇవాళే ఆపండి. ఈ వారమే పెట్టి ఉంటే, ఉంటున్న ఇంటి మీద తీసుకున్న హెలాక్‌ను మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు మీకుంది. శనివారం కూడా అందులో లెక్కే. రాతపూర్వకంగా పంపండి.